కొలోన్ కెథెడ్రల్: 632 ఏళ్ల నిర్మాణం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నా ఉద్యోగమంతా సిమెంటు, ఇసుక, కొలతల పుస్తకాలతోనే గడిచింది కాబట్టి, నేను చూసిన ఒక కట్టడం చరిత్ర రాస్తున్నాను. జర్మనీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు కొలోన్ నగరంలోని కెథెడ్రల్ చూడటానికి ఒక రోజంతా కేటాయించాను.

రైల్వే స్టేషన్ బయటికి రాగానే పక్కనే తల ఎత్తి చూడాల్సిన కట్టడం. రెండు శిఖరాలూ 157 మీటర్లు. మూడు చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెడితే ఇంచుమించు అంత ఎత్తు. దక్షిణ శిఖరానికి 533 మెట్లు. మా అబ్బాయి ఎక్కి వచ్చాడు, నేను నా మోకాళ్లను గౌరవించి కిందే ఉండిపోయాను.

శిశువైన యేసును దర్శించిన తూర్పుదేశపు జ్ఞానులవిగా నమ్మే అస్థికలు 1164లో ఇటలీలోని మిలాన్ నుంచి ఇక్కడికి వచ్చాయి. వాటి కోసం చేయించిన బంగారు మందసం ఇప్పటికీ బలిపీఠం వెనుక ఉంది. యాత్రికులు పెరిగారు, పాత చర్చి చాలలేదు. దాన్ని కూలుస్తుండగా 1248లో అగ్నిప్రమాదం జరిగింది. అదే సంవత్సరం ఆగస్టు 15న కొత్త చర్చికి శంకుస్థాపన చేశారు. అప్పుడు మన ఓరుగల్లును కాకతీయ గణపతిదేవుడు పాలిస్తున్నాడు.

తూర్పు భాగాన్ని 1322లో ప్రతిష్ఠించి, మిగతా పని జరుగుతున్నంతకాలం అడ్డుగా ఉండేందుకు ఒక తాత్కాలిక గోడ కట్టారు. ఆ గోడ 1863 దాకా ఉంది! తాత్కాలికం అనే మాటకు ఇంత దీర్ఘాయుష్షు నేను నా సర్వీసులో కూడా చూడలేదు. డబ్బు తగ్గింది, ఉత్సాహం తగ్గింది, చివరకు 1560లో పని పూర్తిగా ఆపేశారు. అంటే తళ్ళికోట యుద్ధానికి అయిదేళ్ల ముందు. సగంలో ఆగిన దక్షిణ శిఖరం మీద రాళ్లు ఎత్తే కొయ్య క్రేను అలాగే మిగిలిపోయింది. పెద్ద చక్రంలో మనుషులు నడుస్తుంటే తాడు చుట్టుకుని రాయి పైకి లేచే ఏర్పాటది. చార్మినార్ కట్టే నాటికే ఆ క్రేను ఖాళీగా నిలబడి ఉంది. 1868 దాకా కొలోన్ చిత్రాలన్నింటిలో నగరానికి గుర్తు అదే. 1794లో వచ్చిన ఫ్రెంచి సైనికులు చర్చిని గడ్డీ దాణా దాచే గోదాముగా వాడుకున్నారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ తర్వాతి కథ. పడమటి ముఖభాగానికి పాతకాలం మేస్త్రీలు తోలు మీద గీసిన నక్ష, దాదాపు నాలుగు మీటర్ల పొడవుది, రెండు ముక్కలై ఎటో పోయింది. 1814లో ఒక ముక్క డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో, ఒక సత్రం అటక మీద దొరికింది. దాని మీద గింజలు ఆరబోసేవారని చెబుతారు. రెండోది 1816లో పారిస్‌లో దొరికింది. అతికించి చూస్తే శిఖరాల కొస దాకా గీత ఉంది. ఇక అలా కాదు, ఇలా కట్టాలి అని వాదించే పనే లేకుండా పోయింది. గీసిన మేస్త్రీ పేరు మాత్రం దాని మీద లేదు.

1842లో పని మళ్లీ మొదలైంది. ప్రష్యా రాజు కొత్తగా శంకుస్థాపన చేశాడు, ఖజానా నుంచి డబ్బూ ఇచ్చాడు. అయితే ఖర్చులో సగానికి పైగా తెచ్చింది ఊరివాళ్లు చందాలతో పెట్టుకున్న కెథెడ్రల్ నిర్మాణ సంఘం. అది కూడా 1842లోనే పుట్టింది. తర్వాత లాటరీ కూడా నడిపింది. మన సంఘం కోశాధికారి ఈ వాక్యం దగ్గర కాస్త ఆగుతాడని నాకు తెలుసు. కప్పుకు మాత్రం కొయ్య దూలాలు వద్దనుకుని ఇనుము వాడారు. పాత రూపం, కొత్త సామాను. ఇంజనీరుగా నాకు ఆ నిర్ణయం బాగా నచ్చింది.

1880 అక్టోబరు 15న చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ సమక్షంలో పూర్తి ఉత్సవం జరిగింది. అప్పటికి ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన కట్టడం లేదు. కానీ ఆ చర్చికి పెద్ద అయిన ఆర్చిబిషప్ మెల్షర్స్ అక్కడ లేడు. బిస్మార్క్ ప్రభుత్వానికీ కాథలిక్ చర్చికీ మధ్య జరిగిన పోరులో ఆయన 1874లో జైలుకు వెళ్లాడు, మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌కు ప్రవాసం పోయాడు. ఆయన సొంత చర్చి పూర్తయిన పండుగను ప్రొటెస్టెంట్ చక్రవర్తి చేశాడు, కాథలిక్కులు చాలామంది దూరంగా ఉండిపోయారు. చందాలు వేసిన ఇళ్లలో ఆ రోజు ఏం మాట్లాడుకుని ఉంటారా అని నేను లోపల బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. గుడి కట్టించిన రాజు పేరు మన శాసనాల్లోనూ పెద్దగానే ఉంటుంది, చందాదారులు కనబడరు.

రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టూ ఉన్న పాత నగరం దాదాపు నేలమట్టమైంది. చర్చి మీద 14 బాంబులు పడ్డా కూలలేదు. ఇనుప కప్పు కొయ్యలా మంటకు ఆహుతి కాలేదు.

నల్లబడిన రాళ్లను తీసి కొత్తవి చెక్కి పెట్టే పనివాళ్ల కార్ఖానా ఇప్పటికీ ఆ ప్రాంగణంలోనే ఉంది. 1842 నాటి సంఘం కూడా ఉంది, మరమ్మతు ఖర్చులో ఎక్కువ భాగం ఇప్పటికీ అదే భరిస్తోంది. నేను వెళ్లిన రోజు కూడా ఒక పక్క పరంజీ కట్టి ఉంది.