రెండు గడియారాలు: ఫోన్ ధ్యాసలో బండి నడిపిన తప్పును ట్రిబ్యునల్ ముందు రుజువు చేయడం

తెలుగు రాష్ట్రాల్లో రోడ్డు ప్రమాదాల ఎఫ్‌ఐఆర్‌లు చదివేవారికి ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాట కంఠతా వచ్చేస్తుంది. డ్రైవర్ కునుకు తీసినా అదే రాస్తారు, బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కినా అదే రాస్తారు. ఫోన్‌లో మెసేజ్ చదువుతూ ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళ్లి రోడ్డు దాటుతున్న మనిషిని గుద్దితే, అక్కడ అతివేగం లేకపోయినా ఆ మాట మారదు. కేంద్ర రవాణా శాఖ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో పడ్డాయి. మొబైల్ వాడకం వాటా 2 శాతం దగ్గరే ఆగింది. ఈ రెండో అంకెను ఉన్నదున్నట్టు తీసుకోలేం. అది పోలీసు కాగితాల్లోకి ఎక్కిన కారణాల లెక్క. రాయకుండా వదిలేసిన కారణాలు అందులోకి రావు.

పరిహారం కోరే కుటుంబానికి చట్టం పెట్టిన బరువు నిజానికి తక్కువే. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిమ్ వేసినవారు డ్రైవర్ నిర్లక్ష్యాన్ని చూపాలి. అయితే క్రిమినల్ కేసులోలా సందేహానికి తావులేనంతగా చూపనక్కర్లేదు. ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందన్నదే ట్రిబ్యునల్ చూడాలని 2009లో బిమలా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు చాలా ముందే, 1980లో, ఎన్.కె.వి. బ్రదర్స్ కేసులో జస్టిస్ కృష్ణ అయ్యర్ క్రిమినల్ కేసులో డ్రైవర్ నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం దావా పడిపోదని స్పష్టం చేశారు. ప్రమాదం జరిగిన తీరే నిర్లక్ష్యాన్ని పట్టిచ్చే సందర్భాలూ ఉన్నాయి. 1977 నాటి పుష్పాబాయి కేసులో కారు కుడివైపుకు పోయి చెట్టును ఢీకొంది. అలా ఎందుకు జరిగిందో చెప్పుకోవాల్సిన బాధ్యత అవతలి పక్షానిదేనని కోర్టు తేల్చింది.

అంటే ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన కారు విషయంలో ఫోన్ సంగతి ఎత్తకుండానే క్లెయిమ్ గెలవవచ్చు. ఫోన్ సాక్ష్యం అవసరమయ్యేది ఇద్దరి కథలూ సమానంగా నిలబడినప్పుడు: కూడలిలో ఎవరికి పచ్చ లైటు ఉందో తేలనప్పుడు, పాదచారి ఒక్కసారిగా అడ్డొచ్చాడని డ్రైవర్ వాదించినప్పుడు.

అలాంటి చోట వకీళ్లు మొదట అడిగేది సీడీఆర్, అంటే కాల్ రికార్డు. పిటిషనర్ తనంతట తాను టెలికాం కంపెనీ నుంచి దాన్ని తెచ్చుకోలేరు. దర్యాప్తు అధికారి తెప్పించాలి, లేదా 169వ సెక్షన్ కింద తనకున్న సివిల్ కోర్టు అధికారాలతో ట్రిబ్యునల్ సమన్లు ఇవ్వాలి. అక్కడ కాలయాపన ప్రమాదకరం. 2021 డిసెంబరు సవరణ తర్వాత కంపెనీలు ఈ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలి. మన ట్రిబ్యునళ్లలో సాక్షుల విచారణ అంతలోపే మొదలవుతుందన్న భరోసా లేదు. రికార్డు వచ్చినా సర్టిఫికెట్ లేకపోతే చిక్కే. ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద సర్టిఫికెట్ తప్పనిసరని 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసు చెప్పాయి. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్, రికార్డు మారలేదని చూపే హాష్ విలువనూ, నిపుణుడి సంతకాన్నీ కూడా కోరుతోంది. ట్రిబ్యునల్ విచారణ సంక్షిప్త పద్ధతిలో సాగుతుంది కాబట్టి ఈ నియమాలను అక్కడ కొంత సడలించవచ్చన్న వాదన ఉంది. దాన్ని నమ్ముకుని సర్టిఫికెట్ వదిలేయడం తెలివైన పని కాదు.

అసలు బలహీనత ఇంకోచోట ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. డ్రైవర్ ఫోన్‌కు సాయంత్రం 7 గంటల 26 నిమిషాల 10 సెకన్లకు కాల్ వచ్చి 212 సెకన్లు నడిచింది, అంటే 7.29.42కు ముగిసింది. ఎఫ్‌ఐఆర్‌లో ప్రమాదం ‘సుమారు 7.30 గంటలకు’ అని ఉంది. కాల్ నడుస్తుండగా గుద్దాడా, పెట్టేశాక గుద్దాడా? ఫోన్ సెకన్లలో లెక్క చెబుతుంటే ప్రమాదం ‘సుమారు’లో ఉండిపోయింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఐదు సెకన్లలో 83 మీటర్లు దాటుతుంది. ‘సుమారు’ అన్న మాటలో అలాంటి ఐదు సెకన్లు ఎన్నైనా ఇముడుతాయి. నా దృష్టిలో ఈ కేసులు చెడేది ఫోన్ రికార్డు దొరక్క కాదు, ప్రమాద క్షణం ఎక్కడా నమోదు కాక.

ఆ క్షణాన్ని పక్కదారుల్లో పట్టుకోవాలి. 108కి వెళ్లిన మొదటి కాల్ ప్రమాదం ఏ సమయంలోపు జరిగిందో చెబుతుంది. 2019 నుంచి రిజిస్టరైన కొత్త ప్రజారవాణా వాహనాల్లో లొకేషన్ పరికరం తప్పనిసరి. బండి వేగం సున్నాకు పడిన క్షణం అందులో దొరకవచ్చు. దుకాణం సీసీటీవీ చాలాసార్లు అన్నిటికన్నా మంచి సాక్షి, కానీ దాని గడియారం నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ ఉండటం మామూలే. ఫుటేజీ తీసుకున్న రోజే పరికరంలోని సమయాన్ని అసలు సమయంతో పోల్చి ఆ తేడాను పంచనామాలో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం లేకపోతే ఏడాది తర్వాత ఎంత పెద్ద నిపుణుడైనా చేయగలిగింది తక్కువ. రోడ్డు మీద బ్రేకు గీతలు లేకపోవడాన్ని పరధ్యానానికి గుర్తుగా చూపే అలవాటు కూడా ఉంది. ఏబీఎస్ ఉన్న కార్లు గట్టిగా బ్రేకు వేసినా గీతలు సరిగా పడవు కాబట్టి ఆ ఆధారాన్ని ఒంటరిగా నమ్మకూడదు.

సమయాలు కుదిరినా ఇంకా రెండు మెట్లు మిగులుతాయి. సీడీఆర్‌లో మామూలు కాల్స్, ఎస్‌ఎంఎస్‌లు ఉంటాయి. వాట్సాప్ మాటలు అలా కనిపించవు. డేటా వాడకం రికార్డు చూపినా, జేబులో ఉన్న ఫోన్ కూడా తనంతట తాను డేటా లాగుతూనే ఉంటుంది. చట్టంలోనూ సందు ఉంది. 2019 సవరణ తర్వాత 184వ సెక్షన్ చేతిలో పట్టుకుని వాడే ఫోన్‌నే ప్రమాదకర డ్రైవింగ్ కింద పేర్కొంది. ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి వాడవచ్చని 2020 నిబంధనలు అనుమతించాయి. ‘మ్యాప్ చూసుకుంటున్నా’ అన్న జవాబు అక్కడి నుంచే పుడుతుంది. ఫోన్‌ను వెంటనే స్వాధీనం చేసుకుంటే స్క్రీన్ ఎప్పుడు వెలిగిందో, ఏ యాప్ తెరిచి ఉందో ఫోరెన్సిక్ పరీక్షలో తేలే వీలుంది.

ఇంత కష్టపడి రుజువు చేస్తే పరిహారం పెరుగుతుందా అంటే, పెరగదు. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ఇచ్చిన లెక్కలో వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్య ఉంటాయి గానీ డ్రైవర్ ఎంత తప్పు చేశాడన్నది ఉండదు. బీమా కంపెనీ చెల్లింపు తప్పించుకోవడానికి 150వ సెక్షన్ ఇచ్చిన కారణాల్లో మద్యం మత్తు ఉంది, ఫోన్ లేదు. కాబట్టి పరిహారం మొత్తం మీద ఫోన్ ప్రభావం చూపేది బాధితుడి వాటా తప్పును లెక్కకట్టే దగ్గరే. అక్కడ అదే ఆయుధం ఎదురు తిరగవచ్చు కూడా: చనిపోయిన బైకు మనిషే ఫోన్ మాట్లాడుతున్నాడని బీమా కంపెనీ వాదిస్తే పరిహారంలో కోత పడే ప్రమాదం ఉంది. ఆ వాదనను రుజువు చేయాల్సింది కంపెనీయే. 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో బైకు మీద ముగ్గురు వెళ్లారన్న కారణంగా హైకోర్టు 10 శాతం కోయగా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నియమం ఉల్లంఘించడం వేరు, ఆ ఉల్లంఘన ప్రమాదానికి కారణం కావడం వేరన్నది దాని తర్కం. ఫోన్‌కూ ఇదే వర్తించాలి. బాధితుడి మీద కోతకు కాల్ రికార్డును ఒక్కదాన్నే చూపిస్తే, ప్రమాదం ఏ సెకనులో జరిగిందో ముందు చెప్పమని అడగడం ట్రిబ్యునల్ పని.