కాంతీనా, క్యాంటీను, పూటకూళ్ళు

క్యాంటీను మాటకు పుట్టిల్లు ఇటలీ. అక్కడ కాంతీనా అంటే ఇంటి కింద చల్లగా ఉండే నేలమాళిగ, ద్రాక్షసారా పీపాలు దాచుకునే చోటు. ఫ్రెంచివాళ్ళు ఆ మాట తీసుకుని, దండు విడిదిలో సిపాయిలకు సారా, సరుకులు అమ్మే కొట్టుకు పెట్టారు. వాళ్ళ దగ్గర ఇంగ్లీషువాళ్ళు అందుకున్నారు, వాళ్ళ దగ్గర మనం అందుకున్నాం. 250 మందికి పైగా పనివాళ్ళున్న ఫ్యాక్టరీల్లో క్యాంటీను పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది 1948 నాటి చట్టం. మిల్లులోంచి కాలేజీకి, కోర్టుకి, బస్టాండుకి పాకిన మాట ఇవాళ అయిదు రూపాయలకి అన్నం పెట్టే అన్న క్యాంటీన్ బోర్డు మీద ఉంది.

ఇదే మాట ఇంకో ఓడెక్కి బ్రెజిల్ పోయింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కాఫీ తోటల పనికి ఇటలీ నుంచి లక్షలమంది సావో పాలో వైపు వలస వెళ్ళారు. నగరం చేరినవాళ్ళు బ్రాస్, బిషీగా పేటల్లో కాపురాలు పెట్టారు. ఆ ఊళ్ళో కాంతీనా అంటే నేలమాళిగ కాదు, ఇటాలియన్ భోజనశాల. గళ్ళ గుడ్డ పరిచిన బల్ల, ఇంటిల్లిపాదీ పంచుకునేంత పెద్ద పళ్ళెం. బ్రాస్‌లో 1924లో తెరిచిన కాస్తెలోయ్స్ అలాంటిదే. అక్కడివాళ్ళు పుట్టినరోజుకి కుటుంబాన్ని కాంతీనాకి తీసుకెళ్తారు. మనవాడు వియ్యాలవారిని క్యాంటీనుకి తీసుకెళ్తానంటే సంబంధం తప్పిపోతుంది.

మాటదేం తప్పు లేదు. అన్నం ఎవరికి పెడుతున్నారన్నదాన్ని బట్టి మాటకి పరువు వస్తుంది, పోతుంది. మన సొంత మాటకీ అదే జరిగింది.

డబ్బు పుచ్చుకుని భోజనం పెట్టే ఇంటికి తెలుగులో ఎప్పుడో పేరుంది. పూటకూళ్ళ ఇల్లు. దీన్ని పూటకూలి అని రాసేవాళ్ళున్నారు, పూటకింత కూలి అనుకుని కాబోలు. కూలికీ దీనికీ చుట్టరికం లేదు. గూడు గూళ్ళయినట్టు కూడు కూళ్ళయింది, అంతే. ఆ కూడు చాలా పాతది. తమిళంలో కూఴ్ అంటే జావ. వాళ్ళ ఏఴు మనకు ఏడు, వాళ్ళ కోఴి మనకు కోడి, అదే దారిలో కూఴ్ మనకు కూడు. ఒకప్పుడు మన శాసనాల్లోనూ ఆ ఴ ఉండేది. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం తెనిగించే నాటికే అది డకారంలో కలిసిపోయింది. ఒకే మాట అరవదేశంలో జావగా మిగిలి, మన వరి నేలల్లో గట్టి అన్నమైంది.

పాత వీథినాటకం క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింటి భోజనం ఉంది. సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగు, ఇంకా నంజులు. వెల ఒక్క రూక. కూడు మాటకి అప్పటికింకా చిన్నతనం రాలేదు. గురజాడ కన్యాశుల్కం నాటికి పూటకూళ్ళమ్మ అంటే నలుగురూ నవ్వుకునే విధవరాలైంది. ఆమె చేతి వంట మీద బతికే గిరీశమే ఆమెకు టోపీ పెడతాడు. అన్నం అన్న సంస్కృతపు మాట వచ్చి పీట మీద కూర్చుంది. కూడు వాకిట్లోకి జరిగి, తిట్లలోనూ సామెతల్లోనూ బతుకుతోంది. గోదావరి జిల్లాల్లో కొత్తల్లుణ్ణి “కూడు తిన్నారాండీ” అని అడిగి చూడండి, ఎంత “అండీ” తగిలించినా సాయంత్రం బండికే వెళ్ళిపోతాడు.

ఇక్కడో తేడా గుర్తుంచుకోవాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టారు, పైసా పుచ్చుకోలేదు. అది అన్నదానం. అలా ఉచితంగా పెట్టే చోటుని సత్రం అన్నారు, ఆ మాట చాలా రోజులు సాగే సత్రయాగం నుంచి వచ్చింది. పూటకూళ్ళు అమ్మకం, ఖరీదు కట్టిన భోజనం. అయినా ఇంటి పేరు వదల్లేదు, పూటకూళ్ళ *ఇల్లు* అనే అన్నారు. క్యాంటీనులో ఆ ఇల్లు లేదు. హోటల్‌కి ఫ్రెంచిలో బస అన్న అర్థం ఉంది గానీ, కాకినాడ సుబ్బయ్య హోటల్లో పడుకోడానికి ఎవరూ పోరు, ఆకు ముందు కూర్చుని వద్దన్నా కొసరి వడ్డిస్తుంటే తినడానికి పోతారు. నిజానికి అది అసలైన పూటకూళ్ళ ఇల్లే.

రాజమండ్రిలోనో భీమవరంలోనో కొత్తగా భోజనశాల తెరుస్తూ రుచులు, ఘుమఘుమలు, వంటిల్లు అని పేర్లు వెతుక్కునేవారికి ఒక మనవి. పూటకూళ్ళు అన్న మాట మనదే, బోర్డుకెక్కించండి. రాసే పెయింటరుకి మాత్రం దగ్గరుండి చెప్పండి, “లి” కాదు, “ళ్ళు” అని.