“లేవరా” అంటే లేవడు: ఎర్రగడ్డకు ముందు నుంచి ఈనాటి కౌన్సెలింగ్ దాకా

ఈరోజు బాల్కొండ ఖిల్లా దగ్గర నిలబడి మాట్లాడుతున్నా.

మన దిక్కు ఇరవై ఏళ్ల పిల్లగాడు ఉన్నట్టుండి తనలో తనే మాట్లాడుకుంటే “గాలి సోకింది” అంటారు. మందులు మొదలుపెట్టాక మంచం దిగకపోతే “బద్ధకం” అంటారు. రెండూ తప్పే. లేని గొంతులు వినిపించడం, ఎవరో వెంటపడుతున్నారని గట్టిగా నమ్మడం, వీటిని సైకోసిస్ అంటారు. ఏ పనిమీదా మనసు పోకపోవడం కూడా ఆ జబ్బులో భాగమే.

మరి ఆ పిల్లగాణ్ణి కదిలించేదెట్లా? ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది.

1796లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో విలియం ట్యూక్ ‘రిట్రీట్’ అనే ఆశ్రమం తెరిచాడు. గొలుసులు తీసేసి రోగులకు తోటపని, నడక అలవాటు చేశారు. తర్వాత బ్రిటిష్ ఇండియా పిచ్చాసుపత్రుల్లోనూ పని పెట్టారు. కానీ అక్కడ తోటపని, నేతపని చాలాసార్లు ఆసుపత్రి ఖర్చు తగ్గించుకునే దారి అయింది. రోగిని అడిగినవాళ్లు లేరు.

మన నిజాం రాజ్యంలో పిచ్చాసుపత్రి ఎక్కడుండేదో తెలుసా? ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న జాల్నాలో. నిజామాబాద్ మీదుగా మన్మాడ్ పోయే రైలు లైన్‌లోనే ఆ ఊరు వస్తుంది. 1953లో దాన్ని హైదరాబాద్ ఎర్రగడ్డకు మార్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1952లో, పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడి చూశారు. గొంతులు తగ్గాయి, చాలామంది ఇళ్లకు పోగలిగారు. నిజంగా పెద్ద మలుపే. కానీ మందులతో నిద్రమత్తు వచ్చింది. తర్వాత వచ్చిన కొన్ని మందులతో బరువు, షుగర్ కూడా పెరిగాయి. మనసుకు వైద్యం దొరికింది, ఒంటిని మరిచిపోయాం.

మళ్లీ ఒంటి మీద దృష్టి వచ్చింది ఈమధ్యనే. 2007లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 61 మంది స్కిజోఫ్రెనియా రోగుల మీద చేసిన పరిశోధన వచ్చింది. మందులతో పాటు కొందరికి యోగా, కొందరికి వ్యాయామం నేర్పారు. నాలుగు నెలల తర్వాత యోగా చేసినవాళ్లు ఎక్కువ మెరుగయ్యారు. సిడ్నీలో తొలిదశ సైకోసిస్ ఉన్న యువతకు 12 వారాలు వ్యాయామం, తిండి, కౌన్సెలింగ్ కలిపి ఇచ్చారు. వాళ్ల బరువు సగటున 1.8 కిలోలే పెరిగింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లది 7.8 కిలోలు పెరిగింది. చిన్న పరిశోధనే, కానీ దారి చూపించింది.

ఇందులో కౌన్సెలింగ్ పని ఏంటి? 1983లో విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్ట్ ఒక పద్ధతి రాశాడు: ఉపదేశం ఇవ్వకు, అడుగు. ఉదాహరణకు ఇట్లా:

“నడవాలని పదిలో ఎంత అనిపిస్తుంది?”

“రెండు.”

“సున్నా ఎందుకు కాదు?”

“ఒకప్పుడు కబడ్డీ ఆడేటోణ్ణి సార్...”

అదిగో, కారణం అతని నోటి నుంచే వచ్చింది. ఇక మొదటిరోజు గల్లీ చివరిదాకా పోతే చాలు. తోడు ఒక దోస్తు ఉంటే ఇంకా మంచిది.

అప్పట్లో పని చేయించారు, తర్వాత మందిచ్చి పడుకోబెట్టారు. ఇప్పుడు అడగడం నేర్చుకుంటున్నాం. రెండొందల ఏళ్ల చరిత్రలో అసలు మార్పు నాకు ఇదే అనిపిస్తుంది.

ఒక్క మాట. నడక మందుకు బదులు కాదు. డాక్టర్‌ని అడగకుండా బిళ్లలు ఆపొద్దు. మీ ఇంట్లో గానీ, దోస్తుల్లో గానీ ఇట్లాంటి లక్షణాలు కనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రైనా పగలైనా.

ఈసారి “లేవరా” అనే ముందు, “కొంచెం దూరం పోయొద్దామా?” అని అడిగి చూడండి. మళ్లీ కలుద్దాం.