56 ఏపీఓ నుంచి మన ఊరికి

నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ. మన అమ్మలు, భార్యలు, అక్కచెల్లెళ్లు పద్యంలా బట్టీపట్టిన అడ్రసు ఇది. ఇందులో ఊరి పేరు లేదు, వీధి లేదు, జిల్లా లేదు, చివరికి రాష్ట్రం కూడా లేదు. “ఈ ఏపీఓ అనే ఊరు ఎక్కడుంది బాబూ, అక్కడికి రైలు వెళ్తుందా?” అని పోస్టాఫీసు కిటికీ దగ్గర అడిగిన పెద్దమ్మలను నేను ఎరుగుదును.

నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, 1980లలో డెప్యుటేషన్ మీద ఆర్మీ పోస్టల్ సర్వీస్‌కి వెళ్లినవాణ్ణి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నాలాగే సివిల్ తపాలా శాఖ నుంచి వచ్చినవారే. కాంప్టీలో ట్రైనింగ్, తర్వాత ఫీల్డ్ పోస్టాఫీసు, మళ్లీ ఊళ్లో కిటికీ దగ్గర కుర్చీ. ఆ విధంగా ఉత్తరం బయలుదేరే చోటూ, చేరే చోటూ రెండూ చూడగలిగాను. ఇంటర్నెట్టు, స్మార్ట్‌ఫోను లేని కాలంలో సైనికుడికీ ఇంటికీ మధ్య మాట ఎట్లా నడిచిందో, అందుకు ఎంతమంది చేతులు కలిశాయో రాద్దామని ఈ ప్రయత్నం. యుద్ధ డైరీల్లో ఈ సంగతులు దొరకవు. అయినా ఇదీ మన సైనిక చరిత్రే.

ఊరు లేని అడ్రసు

56 ఏపీఓ ఢిల్లీ కేంద్రంగా 1948లో మొదలైంది. 1962లో తూర్పు ప్రాంతం కోసం కలకత్తా కేంద్రంగా 99 ఏపీఓ వచ్చింది. ఆర్మీ సర్వీస్ కోర్‌లో భాగంగా ఉన్న తపాలా విభాగం 1972 మార్చి 1న ప్రత్యేక కోర్ అయింది. అదే సంవత్సరం ఆగస్టు 15న దేశమంతటా పిన్‌కోడ్ అమల్లోకి వచ్చినప్పుడు, 9తో మొదలయ్యే అంకెలను సైనిక తపాలాకు కేటాయించారు.

ఈ ఏర్పాటులో తెలివి ఏమిటంటే, మనిషికి ఉత్తరం చేరుతుంది గాని మనిషి ఎక్కడున్నాడో ఉత్తరం చెప్పదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరమే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపి, మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు. అక్కడ డబ్బాలో వేసిన ఇన్‌లాండ్ లెటర్ సంచిలో పడి తాడేపల్లిగూడెం చేరుతుంది. అక్కడి నుంచి రైలు. రైల్లో ఆర్‌ఎంఎస్ వారి పెట్టె, అందులో రాత్రంతా ఊగుతూ నిలబడి ఉత్తరాలను అరల్లో వేసే సార్టర్లు. ఢిల్లీలో బేస్ పోస్టాఫీసు వాళ్లకు మాత్రమే ఏ యూనిట్ ఏ మూల ఉందో తెలుసు. యూనిట్ రాజస్థాన్ ఎడారి నుంచి కాశ్మీర్ కొండల్లోకి కదిలినా ఇంట్లోవాళ్లు అడ్రసు మార్చనక్కర లేదు. బేస్‌లో సంచి మారుతుంది, అంతే. తిరుగు టపాలో ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర మీద నంబరు, తేదీ తప్ప ఊరు పేరు ఉండదు.

పీస్ స్టేషన్‌కైతే వారం రోజుల్లో జాబు అందేది. కొండల్లో లెక్క వేరు. శీతాకాలంలో జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతే లద్దాఖ్‌కి టపా విమానంలోనే రావాలి. వాతావరణం బాగోలేక విమానం దిగకపోతే ఆ రోజుకి టపా లేదు. అట్లా నాలుగైదు రోజులు వరసగా జరిగితే లంగర్లో జవాన్ల మాట తగ్గిపోవడం నేను స్వయంగా గమనించాను. సంచి వచ్చిన రోజు మాత్రం డాక్ తెచ్చే మనిషికి సుబేదార్ సాబ్‌కి ఉన్నంత గౌరవం! సాయంత్రం రోల్‌కాల్‌లో పేర్లు పిలిచేవారు. పేరు రానివాడు, “రేపు వస్తుందిలే” అని తనకు తానే చెప్పుకొని బారక్‌లోకి వెళ్లిపోయేవాడు.

ఉభయకుశలోపరి

మన ఉత్తరాలన్నీ ఒకే మూసలో ఉండేవి. పెద్దలకైతే “నమస్కరించి వ్రాయునది”, పిల్లలకైతే “ఆశీర్వదించి వ్రాయునది”, ఆ తరువాత “ఉభయకుశలోపరి”. ఈ కాలం పిల్లలు చదివితే నవ్వొచ్చు. కానీ పది రోజులు ప్రయాణం చేసిన కాగితం మీద, “ఇక్కడ మేమంతా క్షేమం” అన్న మాటకు అర్థం, పది రోజుల కిందట క్షేమం అని మాత్రమే. రాసేవాడికీ తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు. అందుకే ముందుగా ఆ ముక్క ఎక్కడుందో వెతికి, ఊపిరి పీల్చుకొని, తక్కిన సంగతుల్లోకి దిగేవారు. ఒక ప్రశ్న అడిగి జవాబు అందుకోవడానికి నెల పట్టేది. పొలం కౌలుకి ఇవ్వాలా, చెల్లెలి సంబంధం ఖాయం చేయాలా అన్న విషయాల్లో, “నాకోసం ఆగకండి, మీకు తోచినట్టు చేయండి” అని రాయక తప్పేది కాదు.

ఫీల్డ్ ఏరియాలో ఉన్నవాళ్లకు స్టాంపు లేకుండానే పంపుకొనే సైనిక లెటర్ ఫారాలు ఇచ్చేవారు. రాయడానికి ఖర్చు లేదు. చదవడమే కష్టం. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆడవాళ్ల అక్షరాస్యత 9 శాతం కూడా లేదు. 1981లో సైతం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు అయిదుగురు ఆడవాళ్లలో ఒకరికే చదువు వచ్చు. అంటే కొడుకు రాసిన జాబు తల్లికి పోస్ట్‌మ్యానో, బడి పంతులుగారో, ఎనిమిదో తరగతి చదివే పక్కింటి పిల్లాడో చదివి వినిపించాలి. భార్య తలుపు చాటున నిలబడి వినేది. ఊరంతా వినే ఉత్తరంలో భార్యకు ఏం రాస్తాడు? “పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పవలెను” అన్న వాక్యంలోనే ఆయన చెప్పదలచుకున్నదంతా ఇరికించాలి. ఆ ఒక్క కారణంతోనే పెళ్లయిన తర్వాత పలక పట్టి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఉన్నారు.

మా డివిజన్లో పనిచేసి రిటైరైన ఒక పోస్ట్‌మ్యాన్ నాతో అన్న మాట మరచిపోలేను. “కాల్పులు, మంచు అన్న మాటలు వస్తే వాటిని దాటేసి, బాగున్నాడట పెద్దమ్మా అని చదివేసేవాణ్ణండి. నిజం చదివితే ఆవిడ ఆ పూట అన్నం తినదు.” రూలు ప్రకారం అది తప్పే. కానీ ఆ తప్పు వల్ల ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో!

తంతి వచ్చిందంటే

ఉత్తరం ఆలస్యం, తంతి భయం. పల్లెలో సైకిల్ మీద టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. ఇంగ్లీషులో ఉండే ఆ నాలుగు మాటలు చదవగలిగిన మనిషి కోసం ఒకరు పరుగెత్తాలి. ప్రమోషన్ వచ్చిందనో, ఫలానా రైల్లో వస్తున్నాననో అయినా సరే, చదివే లోపల ఇంట్లో సగం ప్రాణం పోయేది.

అటు నుంచి ఇటు వచ్చే తంతి సంగతి మరొకటి. “మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ.” ఈ మాటతో సెలవు అడిగేవారు మరీ ఎక్కువ కావడంతో యూనిట్లలో దానికి విలువ తగ్గింది. నిజమో కాదో సివిల్ అధికారుల ద్వారా విచారించి గాని పంపని సందర్భాలు ఉండేవి. నిజంగానే తల్లి మంచం పట్టినవాడికి ఆ రెండు మూడు రోజులూ ఎంత నరకమో చెప్పలేం. రైలు రెండు రాత్రులు, దానికి ముందు కొండ దిగే కాన్వాయ్. ఊరు చేరేసరికి చాలామందికి మిగిలింది దినకార్యమే.

కబురు ఉత్తరంలో వస్తే ఇంకా ఆలస్యం. దశదిన కర్మలు కూడా అయిపోయాక ఫీల్డ్‌లో ఉన్న కొడుకు చేతికి అందేది. ఒక రోజు సంచి విప్పి ఉత్తరాలు పంచిన గంటకు ఒక జవాను నున్నగా గుండు చేయించుకొని మా పోస్టాఫీసు ముందు నుంచి నడిచి వెళ్లాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంట్లో పన్నెండు రోజుల కిందట ముగిసిన దుఃఖం అతనికి ఆ రోజే మొదలైంది.

మన ఆచారంలో ఒక విషయం గుర్తుంచుకోవాలి. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి దాచుకుంటాం. చావు కబురు ఉత్తరాన్ని ఇంట్లోకి తేకుండా గుమ్మం బయటే చదివి చింపేసేవాళ్లం. అందువల్ల పాత ఉత్తరాల కట్టలు ఎవరింట్లో దొరికినా, అన్నిటికన్నా బరువైన ఉత్తరం ఆ కట్టలో ఉండదు. తంతి వ్యవస్థ కూడా 2013 జులైలో శాశ్వతంగా మూతబడింది.

మనియార్డరు, ఫోను

1880లో మొదలైన మనియార్డరు సైనిక కుటుంబాలకు అక్షరాలా అన్నం పెట్టింది. పోస్ట్‌మ్యాన్ అరుగు మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టి, సాక్షి చేత సంతకం చేయించి, తల్లి వేలిముద్ర వేయించుకొనేవాడు. పచారీ కొట్టు ఖాతా, పిల్లల ఫీజు, కూలీల డబ్బు అన్నీ ఆ రోజే తీరేవి. ఫారం అడుగున చిన్న కూపను ఉండేది. రెండు వాక్యాలు పట్టేవి. “అమ్మకు మందులు కొనవలెను. నేను క్షేమం.” డబ్బు ఖర్చయిపోయినా కూపన్లు చూరులో దోపి ఉండేవి. రావలసిన తేదీ దాటితే పోస్టాఫీసు చుట్టూ తిరిగే ఆడవాళ్ల ముఖాల్లో డబ్బు రాలేదన్న దిగులు కంటే, మనిషికేమైందో అన్న దిగులే కనిపించేది. పాత పద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయింది.

ఫోను చాలాకాలం మనది కాదు. ఎక్స్‌ఛేంజికి ట్రంక్‌కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చోవడమే. నేరుగా నంబరు తిప్పే ఎస్టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైనా, మన మండల కేంద్రాల్లో పసుపు బోర్డుల బూత్‌లు కనబడింది 1980ల చివర్లోనే. ఊళ్లో ఒక ఇంటికో, ఎరువుల కొట్టుకో ఫోను ఉంటే అదే వీధంతటికీ పి.పి. నంబరు. “పది నిమిషాల్లో మళ్లీ చేస్తాను, మా వాళ్లని పిలవండి బాబాయిగారూ” అంటే ఆయన తన పని మానుకొని పిల్లాణ్ణి పరుగెత్తించేవాడు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని కంటోన్మెంట్ బయట బూత్‌ల దగ్గర జవాన్లు బారులు తీరేవారు. ఎదురుగా ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే నోటికొచ్చేది ఒకటే మాట: “అంతా బాగున్నారా?” ఉత్తరంలో ఉభయకుశలోపరి, ఫోనులో ఇదీ.

కార్గిల్ నాటి ఉత్తరం

1999లో కార్గిల్ యుద్ధం వచ్చేనాటికి దేశంలో సెల్‌ఫోను వచ్చి నాలుగేళ్లయింది. జమ్మూ కాశ్మీర్‌లో మాత్రం 2003 దాకా ఆ సేవ లేదు. ఆ కొండల మీద మనవాళ్లకు ఆధారం ఉత్తరమే. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, జూన్ 28న నేలకొరిగారు. మహావీర చక్ర ఆయనకు మరణానంతరం లభించింది. చివరి దాడికి కొద్ది రోజుల ముందు ఆయన తండ్రిగారికి రాసిన జాబు తర్వాత దేశమంతా చదివింది. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని అందులో కోరారు. తండ్రి కూడా వాయుసేనలో పనిచేసినవారే. యుద్ధం గురించి ఒక అధికారి రాసే నివేదికలో ఆ కోరికకు చోటుండదు. కాగితం మీద రాశారు గనుకే ఈనాడు మనకు తెలిసింది.

మిగిలినవి

ఈ రోజు పోస్టు నుంచి వీడియో కాల్‌లో బిడ్డ మొదటి అడుగు చూస్తున్న జవానును చూసి, పాత రోజులే బాగున్నాయని నేను అనలేను. పన్నెండు రోజుల తర్వాత గుండు చేయించుకున్న ఆ కుర్రాడు నా కళ్లముందు ఉన్నాడు. అయితే 56 ఏపీఓ దాచిన రహస్యాన్ని చేతిలో ఫోను బయటపెడుతుంది. 2020లో సైన్యం 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని ఆదేశించడం అటువంటి ప్రమాదాల వల్లనే. ఫోనులో మాట త్వరగా చేరుతుంది, ఫోను మారగానే పోతుంది కూడా.

అందుచేత ఈ సంచిక చదివే రిటైరైన మిత్రులకు, వీరనారీమణులకు ఒక్క మనవి. ఇంట్లో పాత ఇన్‌లాండ్ లెటర్లు, కూపన్లు ఉంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తూకానికి వేయకండి. ఒక మధ్యాహ్నం తీరిక చేసుకొని ఒక్కొక్కటీ విప్పండి. చదవలేకపోతే మనవడి చేత చదివించుకోండి. చింపేసిన ఉత్తరాల సంగతి గుర్తుంటే అదీ చెప్పి రాయించండి. ముద్ర మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ కనిపిస్తాయి. పక్కన పెన్సిల్‌తో, ఇప్పుడు చెప్పడానికి అడ్డులేని పాత సంగతులైతే, అప్పుడు మీరు ఎక్కడున్నారో రాయండి. ఆ ముద్రలో ఊరి పేరు ఉండకూడదన్నది ఆనాటి నియమం. ఇప్పుడు ఆ పేరు మీరు రాయకపోతే మీ పిల్లలకు చెప్పగలిగినవాళ్లు ఇంకెవరూ లేరు.