పరదేశపు బేరము, దుబాసీ మాట

పావగడ తాలూకాలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారము మనము. మూడువైపుల ఆంధ్రదేశము, ఏలుబడి కన్నడదేశమునది. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, సంతలో ఎదుటివాని ముఖమును బట్టి ఏది తోచిన నది. పిన్ననాడే అలవడినది గనుక దీనిని మన మొక విద్యగా నెంచము. కాని దేశాంతర వర్తకముల చరిత్రను చదివినకొలదియు, ఓడలకును ధనమునకును తీసిపోని ముఖ్యవస్తువు ఈ విద్యయేయని మాకు తోచుచున్నది. ఒకే మాటను ఇరువురు రెండు తీరుల గ్రహించినందున చెడిన బేరము లెన్నియో కలవు.

కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమునే చూడుడు. అంతకుముందటి రాజులు తుపానున కొట్టుకొనివచ్చి పగిలిన ఓడలలోని సరకునంతయు తామే గైకొనెడివారు. వారి దృష్టిలో నది దోపిడి కాదు. గట్టునకు చేరినది గట్టు నేలువానిదని ఆచారము. సరకు పోగొట్టుకొన్న పరదేశికో, అది నిలువుదోపిడియే. గణపతిదేవుడు ఆ యాచారమును విడిచి, ఏర్పరచిన సుంకము తప్ప వేరేమియు గైకొనమని ఓడవర్తకులకు మాట యిచ్చెను. సుంకము ముప్పదింట నొక వంతు. మన యాచారము నెరుగని పరదేశికి నోటిమాట చాలదని యెరిగి, దానిని రాతిపై చెక్కించెను. 1358లో అనపోతారెడ్డి ఆ రేవులోనే మరల నట్టి శాసనమును వేయించెను. అభయ మొకమారు ఇచ్చిన చాలదు కాబోలు!

తరువాత మచిలీపట్టణమునకు 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును వచ్చిరి. వారికి మన కొలతలు తెలియవు, వరహాల మారకము తెలియదు, సాలెవానికి ముందుగా బయానా యియ్యనిదే మగ్గ మాడదనియు తెలియదు. అప్పుడు పుట్టినవాడే ద్విభాషి. జనుల నోట దుబాసీ. 1639లో దామెర్లవారినుండి ఇంగ్లీషువారికి చెన్నపట్టణపు స్థలము లభించినపుడు బేరి తిమ్మన్న యను తెలుగువాడు దుబాసీగా నుండెనని ప్రతీతి. దామెర్లవారు కొలిచిన ఆ రాజవంశము, చంద్రగిరికి తరలకముందు మన పొరుగున పెనుగొండలో నుండినదే. దుబాసీలు ఇరువైపుల తినుదురను నింద యుండెడిది. అది కొంతవరకు నిజమే. కాని ఇరువైపుల తిట్లుకూడ వారే తినిరి. ఈ సంగతి మేము స్వానుభవమున నెరుగుదుము.

మేము చాలకాలము పొరుగూరి వేరుసెనగ మండీలో గుమాస్తాగా నుంటిమి. వేరుసెనగ మన సీమ ప్రాణము. (అదియును దక్షిణ అమెరికానుండి వచ్చిన పరదేశియే.) 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు చచ్చినవి. మేతలో కలిపిన వేరుసెనగ చెక్కకు పట్టిన బూజునుండి పుట్టిన విషమే దానికి కారణమని తేలినది. అదియే అఫ్లటాక్సిను. 1998లో ఐరోపా సమాజము తినెడు గింజలలో నీ విషము నూరుకోట్ల పాళ్ళకు 4 పాళ్ళకు మించరాదని శాసించెను.

ఆ శాసనము వచ్చిన రెండు మూడేండ్లకు ఒక యెగుమతి వర్తకుని తరపు మనిషి మా మండీకి వచ్చెను. ఆయనకు మన భాషలేవియు రావు. గింజలు ఎండినవేనా యని ఇంగ్లీషున అడిగెను. మేము తెలుగున నడిగితిమి. సావుకారు "బాగా ఎండినవే" యనిరి. అది అబద్ధము కాదు. కాయలు కళ్ళములో చక్కగా ఎండినవి. కాని ఒలుచుటకు ముందు పప్పు విరుగకుండుటకై కాయలపై నీళ్ళు చల్లుట మన వాడుక. దానిని తడియని మనలో నెవ్వరును లెక్కించరు. ఆ తడికే బూజు పట్టును. నీళ్ళు చల్లిన సంగతి మాకు తెలియును. ఆయన అడుగలేదు గనుక మేము చెప్పలేదు. పరీక్షలో సరకు నిలువలేదు, తిరిగి వచ్చినది. సావుకారు నష్టమును తరువాతి బండ్ల ధరలో రాబట్టుకొనిరి. ఏ పాపమెరుగని రైతులు దానిని భరించిరి. "ఎండినవి" యను మాటను మాటగా మార్చితిమి గాని సంగతిని మార్చి చెప్పలేదు. ఆ తప్పు మాదే.

పిమ్మట మన తాలూకాకే పరదేశులు వచ్చిరి. నాగలమడిక హోబళిలో తిరుమణి మొదలగు 5 గ్రామముల నేలపై, సుమారు 13,000 ఎకరములలో, 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రము 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరకు పూర్తియైనది. అందు 100 మెగావాట్ల భాగమును నెలకొల్పినది ఫిన్లండు దేశపు ఫోర్టం సంస్థ. శీతకాలమున తమ రాజధానిలో దినమునకు ఆరుగంటల వెలుగైనను చూడనివారు, ఎండకు తలదాచుకొను మన యూళ్ళకు ఎండకొరకే వచ్చుట మాకు వింతగా తోచెను. ఇచట నేలను కొనలేదు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకమారు నూటికి 5 వంతున పెంపు, అను కౌలుకు ప్రభుత్వపు సంస్థయే తీసికొనెను. తాతల నేలను అమ్ముట తలవంపుగా నెంచు మనవారికి ఈ పద్ధతి యొప్పినది. ఇది మంచిపనియే యని మా యభిప్రాయము.

అప్పుడు ఇరుగుపొరుగువారు కాగితములు తెచ్చి చదివి చెప్పుమనిరి. కన్నడపు గుత్తిగె మన చెవికి గుత్తగా వినబడును. మన వాడుకలో గుత్త ఏడాదికో, మూడేండ్లకో. ఈ గుత్త పాతికేండ్లకు పైబడినది. మండీనాటి సంగతి జ్ఞాపకమునకు వచ్చి, వారడుగకపోయినను దీనిని గట్టిగా చెప్పితిమి: "వేలిముద్ర వేయునది నీవు, నేలను తిరిగి గైకొనునది నీ మనుమడు." కొందరు ఆలోచించుకొందుమని లేచిపోయిరి. పెక్కుమంది సంతకములు చేసిరి. వానలు లేని సీమలో ఏటేట వచ్చు రూకలను కాదనుట సులభము కాదు.

ఒకనాడు పరుల చేలలో కలుపుదీసి బ్రతికెడు ముసలమ్మ యొకతె మా అరుగుపై కూర్చుండి, "నాయనా, నా పేరు యాడన్నా వుందేమో సూడు" అనెను. ఆమెకు సెంటు నేలయైన లేదు. అయినను అచటనున్న కాగితములన్నియు తిప్పి చూచి, లేదని చెప్పితిమి. ఆ చేలలో ఇకమీదట కలుపుకూలి యుండదనియు, ఆమె యడుగకపోయినను, చెప్పితిమి.