బెలుం గుహలు

బెలుం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం బెలుం గ్రామ సమీపంలో సహజంగా ఏర్పడిన సున్నపురాతి గుహలు. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. దేశంలో మేఘాలయ గుహలను పక్కన పెడితే పొడవులో వీటినే ముందు చెప్పుకోవాలి. బొర్రా గుహల్లా ఇవి కొండలో లేవు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి మూడు గోతులు కనిపిస్తాయి. నడిమి గోతిలోకి మెట్లు దిగడమే గుహలోకి వెళ్ళడం.

ఇక్కడి రాయి కర్నూలు శిలావర్గానికి చెందిన నర్జి సున్నపురాయి. నేల మీద ఇంకా మొక్కా జంతువూ లేని కాలంలో, లోతు తక్కువ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. రాయలసీమ ఇళ్ళలో పరిచే నాపరాయిదీ ఇదే పుట్టుక. గుహ గోడల్లో ఆ పొరలు విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లమై, రాతి పగుళ్ళలోకి దిగి సున్నాన్ని కరిగించింది. పగుళ్ళు ఎటు సాగితే దారులూ అటే సాగాయి. అందుకే లోపల విశాలమైన మండపాల కన్నా ఇరుకు సొరంగాలే ఎక్కువ. కరిగిన సున్నం పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా జారి మళ్ళీ గడ్డకట్టిన చోట కోటిలింగాలు, వేయి పడగలు లాంటి రూపాలు ఏర్పడ్డాయి. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ ప్రవేశమట్టానికి 46 మీటర్ల కింద ఉంది. అక్కడ పారే వాగు ఏడాది పొడుగునా ఎండదు; కొంత దూరం పారి రాతిలోకే మాయమవుతుంది. అది ఊరి బావిలో తేలుతుందని స్థానికుల నమ్మకం.

లోపల దొరికిన అవశేషాలను బట్టి ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవారని భావిస్తున్నారు. గ్రంథస్థమైన చరిత్ర మాత్రం ఆలస్యంగా మొదలైంది. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల ప్రస్తావన చేశాడు. కానీ ఆ కాలంలో ఆయన శ్రద్ధంతా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్విన పురాతన జంతువుల ఎముకల మీదే ఉంది. ఆ తర్వాత సుమారు వందేళ్ళు బెలుంను పట్టించుకున్నవాళ్ళు లేరు. చుట్టుపక్కల చెత్త పారబోయడానికీ ఈ గోతులు పనికొచ్చాయి.

1982, 1983లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం గుహలను క్రమపద్ధతిలో కొలిచి పటం గీసింది. బెలుం పేరు బయటి ప్రపంచానికి తెలిసింది ఆ పటం వల్లే. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ 1999లో గుహలను చేపట్టి, ఒండ్రు తీయించి, బాటలు వేసి, దీపాలు పెట్టించి 2002లో సందర్శకులకు తెరిచింది. తట్టితే లోహంలా మోగే సప్తస్వరాల గుహను 2006లో చూడనిచ్చారు. సందర్శకులను అనుమతించేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు వరకే. లోపల ఉక్కపోత తీవ్రంగా ఉంటుంది కాబట్టి పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతారు.