ఆస్టిన్ బులవార్డ్‌కు అటూ ఇటూ: షికాగోలో జాతుల వారీ పేటలూ, అపనమ్మకం పుట్టిన తీరూ

షికాగో నగరానికి పడమటి అంచున ఆస్టిన్ బులవార్డ్ అనే రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. రోడ్డుకు తూర్పున ఉన్నది ఆస్టిన్, నగరంలో ఒక పేట. పడమటన ఉన్నది ఓక్ పార్క్, సొంత పాలకమండలి గల వేరే ఊరు. 1899 దాకా రెండూ సిసిరో టౌన్‌షిప్‌లో భాగాలే. ఆ ఏడాది టౌన్‌షిప్‌లోని మిగతా ప్రాంతాలవారు ఓట్లు వేసి ఆస్టిన్‌ను షికాగోలో కలిపేశారు. 1960 జనగణన నాటికి రెండుచోట్లా ఉన్నది దాదాపు అంతా తెల్లవారే. 1980 వచ్చేసరికి ఆస్టిన్ జనాభాలో సుమారు నాలుగింట మూడు వంతులు నల్లవారు. ఓక్ పార్క్‌లో వారు పదోవంతు కంటే కాస్త ఎక్కువ. అక్కడ నల్లవారి రాక ఆగలేదు, తెల్లవారు మూకుమ్మడిగా ఇళ్లమ్ముకుని పోనూ లేదు.

మనుషులు తమ జాతివారి మధ్యనే ఉండాలనుకుంటారు, అందుకే పేటలు విడిపోతాయన్నది అందరికీ తోచే సమాధానం. అది చాలదని ఈ ఒక్క రోడ్డే చెబుతుంది. రోడ్డు దాటినంత మాత్రాన మనిషి స్వభావం మారదు కదా. జాతుల మధ్య అపనమ్మకం వల్ల పేటలు విడిపోయాయన్నది సగం నిజమే. పేటల్ని విడదీసిన ఏర్పాట్లే ఆ అపనమ్మకంలో ఎక్కువ భాగాన్ని పుట్టించాయనీ, ఇంటి ధరతో ముడిపెట్టి దాన్ని లోకజ్ఞానంగా చలామణీ చేశాయనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇష్టాయిష్టాల వాదానికి పదునైన రూపం ఇచ్చినవాడు ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్. ఇరుగుపొరుగులో కొద్దిమందైనా తనవాళ్లుంటే చాలనుకునే మనుషులు సైతం, ఒకరి తర్వాత ఒకరు ఇల్లు మారుతూ పోతే, చివరికి పూర్తిగా విడిపోయిన పేటల్లో తేలతారని 1971లో ఆయన గళ్ల పటం మీద చూపించాడు. ద్వేషం లేకుండానే విభజన రావచ్చునన్న ఆ సూక్ష్మం విలువైనదే. అయితే షెల్లింగ్ గళ్లలో బిళ్లలు మొదట కలగాపులగంగా పడి ఉంటాయి. అన్నిటికీ అన్ని గళ్లూ తెరిచే ఉంటాయి. షికాగోలో ఆట ఎన్నడూ అలా మొదలు కాలేదు.

1910లో షికాగోలో నల్లవారు సుమారు 44 వేలమంది. దక్షిణాది పత్తిచేలు వదిలి, కబేళాల్లోనూ ఉక్కు మిల్లుల్లోనూ పని వెతుక్కుంటూ వచ్చినవారితో 1930కి ఆ సంఖ్య 2 లక్షల 34 వేలు అయింది. 1919 జులై 27న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లకుర్రాడు మిషిగన్ సరస్సులో ఈదుతూ, ఎవరూ గీయకపోయినా అందరికీ తెలిసిన సరిహద్దు దాటాడు. ఒడ్డునుంచి పడిన రాళ్ల మధ్య మునిగిపోయాడు. తర్వాత చెలరేగిన హింసలో 38 మంది చనిపోయారు: 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు.

రాళ్ల కంటే కాగితాలు ఎక్కువకాలం పనిచేశాయి. జాతిని బట్టి పేటలు కేటాయించే నగర చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1917లోనే చెప్పింది. దాంతో ఆ పని ఇళ్ల దస్తావేజుల్లోకి మారింది. ఫలానా స్థలాన్ని నల్లవారికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని యజమానులు తమలో తాము ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేసుకునేవారు. 1926లో కోర్టు వాటి జోలికి పోలేదు. కోర్టుల ద్వారా వాటిని అమలు చేయించుకోరాదని తేల్చడానికి 1948 దాకా పట్టింది. కార్ల్ హాన్స్‌బెరీ అనే నల్లజాతి వ్యాపారి ఈ నిబంధన ఉన్న ఇల్లు కొని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో గెలిచాడు. గెలిచింది సాంకేతిక కారణం మీదే, నిబంధన మాత్రం బతికిపోయింది. ఆయన కూతురు లొరెయిన్ ఆ నేపథ్యంలోంచి రాసిన నాటకం ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’ 1959లో బ్రాడ్‌వే మీద ఆడింది. ఊరికీ వాడకీ మధ్య దూరం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇందులో కొత్త లేదనిపించవచ్చు. కొత్త ఉంది. ఇక్కడ ఆచారం చేసిన పనిని అక్కడ ఇరవయ్యో శతాబ్దంలో వకీళ్లు, బ్యాంకర్లు, ప్రొఫెసర్లు కూర్చుని కొత్తగా కట్టారు.

ప్రొఫెసర్లు అన్నది ఊరికే కాదు. ఆర్థికవేత్త హోమర్ హాయ్ట్ 1933లో షికాగో భూముల ధరలపై ప్రచురించిన గ్రంథంలో, భూమి విలువ మీద ప్రభావాన్ని బట్టి జాతులకు వరుస కట్టాడు. అట్టడుగున నల్లవారు, మెక్సికన్లు. మరుసటి ఏడాది ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్‌లో ఆయనే గృహ ఆర్థికవేత్త అయ్యాడు. ఇళ్ల అప్పులకు ప్రభుత్వం తరఫున బీమా ఇచ్చే ఆ సంస్థ, పేటలోకి వేరే జాతి రావడాన్ని నష్టసూచనగా తన నియమావళిలోనే రాసుకుంది. నల్లవారి పేటలకు ఎరుపు రంగు వేసిన 1930ల నాటి పటాలు, అంటే హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ వారివి, ఇప్పుడు ఎక్కువ ప్రసిద్ధం. వాటి పాత్ర మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆరన్సన్, హార్ట్‌లీ, మజుందర్ ఆ గీతల ప్రభావం దశాబ్దాలపాటు కనిపించిందంటారు. ప్రైస్ ఫిష్‌బ్యాక్ బృందం అసలు దోషం పటాలది కాదు, హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ సొంత పద్ధతులదంటుంది. నాకు రెండో వాదనే బలంగా తోస్తుంది. ఎర్రరంగు పటం చూడగానే అంతా అర్థమైనట్టుంటుంది, అదే దానితో చిక్కు. పేట మొహాన బ్యాంకు తలుపు మూసిన తర్వాత జరిగినదాన్ని పటం చూపించదు.

జరిగింది ఇది. బ్యాంకు అప్పు పుట్టని నల్లకుటుంబాలకు మిగిలిన దారి ‘కాంట్రాక్టు’ కొనుగోలు. నల్లవారు వచ్చేస్తున్నారు, ఇప్పుడే అమ్ముకోకపోతే ఏమీ మిగలదు అని దళారి తెల్లయజమానిని బెదరగొట్టి ఇల్లు చవగ్గా కొంటాడు. దాన్నే నల్లకుటుంబానికి వాయిదాల మీద భారీ లాభానికి అమ్ముతాడు. చివరి వాయిదా కట్టేదాకా ఇల్లు అమ్మినవాడి పేరునే ఉంటుంది. ఒక్క వాయిదా తప్పితే చాలు, కట్టిన సొమ్మంతా పోయి కుటుంబం రోడ్డున పడుతుంది. అదే ఇల్లు మరొకరికి మళ్లీ అమ్ముడవుతుంది. షికాగోలోని నార్త్ లాండేల్ పేటలో క్లైడ్ రాస్ 1961లో 27,500 డాలర్లకు కొన్న ఇంటిని, అమ్మినవాడు ఆరు నెలల ముందు కొన్నది 12,000కు. 1968లో రాస్ లాంటివారు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి వాయిదాలు ఆపేశారు, కోర్టుకెక్కారు. ఇరవై ఏళ్లలో షికాగో నల్లకుటుంబాల నుంచి ఈ దారిన పోయిన సొమ్ము 300 నుంచి 400 కోట్ల డాలర్లని డ్యూక్ విశ్వవిద్యాలయం 2019లో వెలువరించిన అధ్యయనం అంచనా. సగటున ఇంటి ధరపై వేసుకున్నది 84 శాతం.

అపనమ్మకం ఎలా పుట్టిందో ఈ బేరం లోపలే చూడవచ్చు. హెచ్చు వాయిదాలు కట్టడానికి నల్లకుటుంబం రెండు ఉద్యోగాలు చేస్తుంది, గదులు అద్దెకిస్తుంది, మరమ్మతులు వాయిదా వేస్తుంది. ఇల్లు పాతబడుతుంది, పేట కిక్కిరుస్తుంది, బడిలో పిల్లలు పట్టరు. పక్కవీధి తెల్లయజమానికి కనిపించేది ఇంతవరకే. కాంట్రాక్టు కాగితం కనిపించదు. ‘వాళ్లు వస్తే పేట పాడవుతుంది’ అన్న మాటకు కళ్లెదుట రుజువు దొరికినట్టే. నల్లకుటుంబానికి బ్యాంకు, దళారి, కోర్టు ముగ్గురూ కలిసి కాజేశారన్నది రుజువక్కరలేని అనుభవం. ఈ రెండు అపనమ్మకాలనూ ఒకే తూకంలో వేసి ‘ఇరువైపులా తప్పుంది’ అనడం నాకు సమ్మతం కాదు. ఒకటి ఏమార్చబడిన చూపు, మరొకటి సరైన లెక్క. 1966 ఆగస్టులో షికాగోలోని తెల్లవారి పేట మార్కెట్ (Marquette) పార్క్‌లో గృహవివక్షకు వ్యతిరేకంగా సాగిన ఊరేగింపులో మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలింది. అలాంటి ద్వేషం మిసిసిపీలోనూ అలబామాలోనూ చూడలేదని ఆయన అన్నాడు. ఆ రాళ్లు రువ్వినవారిలో చాలామంది జీవితకాలపు పొదుపంతా ఒక చిన్న ఇటుక ఇంట్లో పెట్టిన శ్రామికులు. ఇది వారి పనిని సమర్థించదు గానీ, వారి భయం ఎక్కడ తలదాచుకుందో చెబుతుంది.

ఇప్పుడు ఆస్టిన్ బులవార్డ్‌కు వద్దాం. ఓక్ పార్క్ పుణ్యాత్ముల ఊరేమీ కాదు. ప్రసిద్ధ నల్లజాతి రసాయనశాస్త్రవేత్త పెర్సీ జూలియన్ 1950లో అక్కడ ఇల్లు కొంటే, కాపురానికి రాకముందే నిప్పు పెట్టారు. మరుసటి ఏడాది డైనమైటు విసిరారు. ఆస్టిన్‌లోనూ ప్రతిఘటన లేకపోలేదు. దళారులనూ బ్యాంకులనూ నిలదీసిన గేల్ సిన్‌కాటా అక్కడి గృహిణి. బ్యాంకులు ఏ పేటలో ఎంత అప్పిచ్చాయో బయటపెట్టాలన్న 1975 చట్టానికీ, స్థానిక పేటలకు అప్పులివ్వాలన్న 1977 చట్టానికీ ఆమె ఉద్యమం ఊపిరి పోసింది. అవి వచ్చేనాటికి ఆస్టిన్ చేజారిపోయింది.

తేడా అధికారంలో ఉంది. ఆస్టిన్ మహానగరంలో ఒక మూల, ఓక్ పార్క్ చేతిలో సొంత శాసనం. 1968లో ఇళ్ల అమ్మకంలో వివక్షను నిషేధించింది. ‘ఇల్లు అమ్మబడును’ బోర్డులు వరసగా కనిపిస్తే భయం అంటుకుంటుందని వాటిని మాన్పించింది. అలాంటి నిషేధం చెల్లదని 1977లో సుప్రీంకోర్టు న్యూజెర్సీ కేసులో తేల్చినా, ఓక్ పార్క్ బ్రోకర్లు దాన్ని స్వచ్ఛందంగా పాటిస్తూ వచ్చారు. 1972లో రోబెర్టా రేమండ్ నెలకొల్పిన హౌసింగ్ సెంటర్ అద్దెకు వచ్చినవారిని తమ జాతివారు తక్కువున్న వీధులు కూడా చూడమని ప్రోత్సహించేది. 1975లో కొత్త పాలకభవనాన్ని ఊరి నడిబొడ్డున కాకుండా, అందరూ పారిపోతారనుకున్న తూర్పు వైపున కట్టారు. ఇంటి ధర పడిపోతే నష్టం భర్తీ చేసే బీమా పథకం కూడా పెట్టారు. అందులో చేరినవారు చాలా కొద్దిమంది. ఈ ఏర్పాట్ల మీద విమర్శలున్నాయి. నల్లవారు ఒకచోట గుమికూడకుండా చూడటమంటే వారి ఎంపికకే కళ్లెం వేయడం కాదా అన్నది వాటిలో బరువైనది.

జాతుల వైవిధ్యం పెరిగితే నమ్మకం తగ్గుతుందని రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం 2007లో అమెరికా గణాంకాలతో వాదించినప్పుడు చాలామందికి అది తీర్పులా వినిపించింది. మరియా అబాస్కల్, డెలియా బాల్దసారి అదే సమాచారాన్ని 2015లో తిరిగి పరిశీలించి, ఆదాయం, స్థిరనివాసం వంటివి లెక్కలోకి తీసుకుంటే వైవిధ్యం మీద మోపిన నేరం చాలావరకు తేలిపోతుందన్నారు. వీటి కంటే పాత అధ్యయనం ఒకటి నాకు ముఖ్యం. డాయిచ్, కాలిన్స్ 1951లో న్యూయార్క్‌లో జాతులు కలిసి ఉన్న ప్రభుత్వ గృహసముదాయాలనూ, నూఅర్క్‌లో భవనాల వారీగా విడదీసిన వాటినీ పోల్చారు. ఇల్లు ఎక్కడ వస్తుందో నిర్ణయించింది అద్దెదారులు కాదు, సంస్థ. కలిసి ఉన్నచోట తెల్లగృహిణుల్లో స్నేహాలూ సదభిప్రాయమూ స్పష్టంగా ఎక్కువ. 2006లో పెటిగ్రూ, ట్రాప్ 515 అధ్యయనాలను కూర్చి చూసినా పరిచయం పూర్వద్వేషాన్ని తగ్గిస్తుందనే తేలింది. విభజన ఆ పరిచయానికి అవకాశం లేకుండా చేస్తుంది.

1968 ఏప్రిల్‌లో, కింగ్ హత్య జరిగిన వారానికి, గృహవివక్ష నిషేధచట్టం వచ్చింది. శివార్లు కలిపిన షికాగో ప్రాంతంలో నల్లవారినీ తెల్లవారినీ వేరుచేసే విభజన సూచిక, అంటే సమానంగా పరుచుకోవాలంటే ఒక జాతిలో నూటికి ఎంతమంది ఇల్లు మారాలో చెప్పే అంకె, 1970లో 92 దగ్గర ఉండేది. 2010లోనూ అది 76 దగ్గరే ఉంది. చట్టం దస్తావేజును మార్చింది గానీ ఎరుకను మార్చలేదు. మరియా క్రైసన్, కైల్ క్రౌడర్ 2017 గ్రంథంలో చూపినట్టు, ఇల్లు వెతికేవారు మొత్తం నగరాన్ని చూడరు. బంధువులు చెప్పిన, పని మీద వెళ్లిన, పేరు విన్న పేటల్నే చూస్తారు. క్రైసన్ బృందం వీడియో ప్రయోగంలో వీధి అదే, ఇళ్లు అవే. కనిపించే మనుషులు నల్లవారైనప్పుడు తెల్లవారు ఆ వీధికి తక్కువ మార్కులు వేశారు.

1965 వలసచట్టం తర్వాత వచ్చిన మన డాక్టర్లూ ఇంజనీర్లూ, ఆ తర్వాతి సాఫ్ట్‌వేర్ తరమూ ఈ పటంలోకే దిగారు. నేపర్‌విల్, షాంబర్గ్, బాలాజీ గుడి ఉన్న అరోరా వైపు ఇళ్లు చూసుకునే తెలుగు కుటుంబం అడిగేవి రెండే: స్కూళ్లు మంచివేనా, ఏరియా సేఫేనా? జాతి ఊసే లేదు. కానీ ఇల్లినాయ్‌లో బడుల ఖర్చు అధికభాగం స్థానిక ఆస్తిపన్నుదే. అంటే స్కూలు రేటింగులో ఇంటి విలువా, ఇంటి విలువలో హాయ్ట్ కాలపు వరుసా దాగి ఉన్నాయి. ‘అటువైపు పోకండి’ అని కొత్తగా దిగినవాడికి సలహా ఇచ్చే పెద్దమనిషి బహుశా ఆ పేటలో ఎప్పుడూ కారు దిగి ఉండడు.

ఓక్ పార్క్ బీమా ఆలోచన 1988లో ఇల్లినాయ్ శాసనం ద్వారా షికాగో నగరంలోనే కొన్ని తెల్ల పేటలకు వచ్చింది. నల్లజాతి నాయకుల్లో పలువురు దాన్ని అవమానంగా భావించారు. అగ్నిప్రమాదానికీ దొంగతనానికీ బీమా చేసినట్టు పొరుగువాడి రంగుకు బీమా చేస్తారా అన్నది వారి అభ్యంతరం. భయాన్ని తగ్గించాలంటే ముందు దాన్ని ఒక నష్టంగా కాగితం మీద ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుంటే హాయ్ట్ కట్టిన వరుసకు ప్రభుత్వం మళ్లీ ముద్ర వేసినట్టవుతుంది. ఈ అభ్యంతరాన్ని పక్కకు నెట్టగల వాదన ఓక్ పార్క్ అనుభవంలోనూ నాకు దొరకలేదు.